గత్తరకు తోడేసిన మా సార్

మొన్న శుక్రవారం పొద్దున ల్యాబు తాళం తీస్తుండగానే లోపల ఫోను మోగింది. పరుగున వెళ్లి ఎత్తితే మా సార్ కొడుకు. "అక్కా, మా అబ్బా పోయిండు. పొద్దుగాల నమాజుకని లేచిండు, కాళ్లు చేతులు కడుక్కొని కూసున్నడు, గట్లనే ఒరిగిండు" అన్నాడు. ఆ మాట వింటూనే నేను ఏడవాల్సింది. ఏడవలేదు. "సార్ పోయిన్రు. నమాజుకు కాళ్లు చేతులు కడుక్కొని, కూసున్నట్టే ఒరిగిన్రు" అని అతను చెప్పింది అతనికే అప్పజెప్పాను. "ఆ, సరిగ్గనే సమజైంది అక్కా" అన్నాడు. అప్పుడు ఇద్దరికీ ఒక్కసారే ఏడుపొచ్చింది.

సార్‌ను ఎరిగినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. ఆయన ఎవరికి ఏ మాట చెప్పినా చివర "ఏం సమజైంది?" అని అడిగేవారు. విన్నవాళ్లు విన్నది తిరిగి చెప్పాలి. తప్పు చెబితే మళ్లీ మొదటి నుంచి. దవాఖాన పెద్ద డాక్టర్లకు ఇది మహా చిరాకు. మార్కెట్లో వంకాయలు తూచమని చెప్పి కూడా అలాగే అడిగేవారు. "నీకు వంకాయలు గావాలని సమజైంది సార్, గింతకు మించి సమజు గానీకి ఏమున్నది" అనేది కూరగాయలామె. నేను పక్కన సంచీ పట్టుకొని సిగ్గుతో చచ్చేదాన్ని. కానీ ఈ అలవాటు ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. అది ఎక్కడ అంటుకుందో చూసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. అది చెప్పుకుంటే ఆయన గురించి చెప్పుకున్నట్టే.

నేను నల్లగొండ ల్యాబులో టెక్నీషియనుగా చేరింది ఎనభైల నడుమ. మాది పాలమూరు జిల్లా. కాలువలు తవ్వడానికి, కట్టలు పోయడానికి దేశమంతా తిరిగే ఇల్లు మాది. మిషన్ హాస్టల్లో పెట్టి చదివించారు కాబట్టి నాకు మట్టి తట్ట తప్పింది. మా అక్కకు తప్పలేదు. పెళ్లయ్యాక అత్తింటి గ్యాంగుతో కలిసి ఆమె కూడా ఊళ్లు పట్టుకొని తిరిగింది. ఉద్యోగంలో చేరిన రోజు సార్ నన్ను కుర్చీలో కూర్చోమనలేదు, నల్లా చూపించారు. కడుక్కొని వచ్చాను. మళ్లీ కడుక్కోమన్నారు. "మొదటిసారి నీ కోసం బిడ్డా, రెండోసారి నీ ఎదురుంగున్నోని కోసం" అన్నారు. ఈయనతో ఎలా వేగాలిరా దేవుడా అనుకున్నాను.

దవాఖాన వెనక, పానగల్ రోడ్డు వైపు కిటికీలున్న రెండు గదులే మా ల్యాబు. నీళ్ల పరీక్షలు, కఫం పరీక్షలు, మలేరియా స్లైడ్లు, అన్నీ చేసేవాళ్లం. కానీ సార్ ప్రాణమంతా కలరా మీదే. మా వైపు దాన్ని గత్తర అంటారు. ఆడవాళ్లు తిట్టుకోవాలన్నా ఆ పేరే, భయపడాలన్నా ఆ పేరే. గంజినీళ్లలా విరేచనాలు పోతున్నాయని ఏ ఊరి నుంచి కబురొచ్చినా సార్ డబ్బా తీసుకొని బయలుదేరేవారు. తెచ్చిన నమూనాను ఆకుపచ్చ జిగురు పోసిన గాజు పళ్లెంలో గీసి, వెచ్చగా పెడితే, మరునాటికి పసుపు రంగు చుక్కలు మొలుస్తాయి. ఆ చుక్కను మందునీళ్ల బొట్టులో కలిపితే విరిగిన పాలలా అయితే గత్తరే. అలా వెచ్చగా పెట్టే పెట్టెకు కరెంటు కావాలి. నల్లగొండలో కరెంటు సంగతి తెలిసిందే. ఎండాకాలంలో మాత్రం సార్ దాని తలుపు తెరిచే పెట్టి, "జిల్లా మొత్తం గిదే పెట్టె, దీనికి వేరే కరెంటెందుకు" అని నవ్వేవారు.

ఆయనకు ఇంకో పిచ్చి ఉండేది. దొరికిన ప్రతి గత్తర పురుగునూ దాచేవారు. చిటికెనవేలంత సీసాలో పేరుకున్న గంజిలాంటి మెత్తటి జిగురు పోసి, సన్న తీగెతో పురుగును అందులోకి గుచ్చి, మూతకు మైనం పోసి, చెక్క బీరువాలో పెట్టి తాళం వేసేవారు. అందులో అది నెలల తరబడి బతికే ఉంటుంది. ఎండిపోకముందే కొత్త సీసాలోకి మార్చాలి, లేదంటే వంశం పోతుంది. ఆ మార్చడాన్ని సార్ "తోడెయ్యడం" అనేవారు. వాళ్లింట్లో అమ్మ, అంటే సార్ భార్య, మేం వెళ్లినప్పుడల్లా అదే చెప్పుకొని నవ్వేది. "ఇంట్ల పాలకు తోడెయ్యమంటే యాదికుండది, ఆడ గత్తరకు మాత్రం తప్పకుండ తోడేస్తడు" అనేది. ఎందుకు సార్ ఇవన్నీ, పారేద్దాం అని నేనూ చాలాసార్లు అన్నాను. "ఇయ్యాల మనకు వీటిని అడగనీకి రాదు బిడ్డా. అడగనొచ్చే దినం ఈ సీసాలు లేకపోతే ఎట్ల?" అనేవారు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

ఎనభైల చివర ఒక వానాకాలం హాలియా అవతల, సాగర్ కాలువ కింది ఊరొకటి మంచం పట్టింది. వరి పండే ఊరే గానీ తాగే నీళ్లకు కరువు. బోరింగులన్నీ ఉప్పు నీళ్లు, పైగా ఫ్లోరిన్. నోట పెట్టగలిగిన బోరింగు బడి దగ్గర ఒక్కటే. ఆ ఏడాది కాలువ గట్టు మరమ్మతుకు పాలమూరు గ్యాంగు ఒకటి మహారాష్ట్రలో పని ముగించుకొని లారీలో నేరుగా అక్కడికి దిగింది. గట్టు మీద తాటిపత్రి పట్టాలు కప్పి గుడిసెలు వేసుకుంది. కొన్నాళ్లకే ఊళ్లోనూ గుడిసెల్లోనూ ఒకేసారి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. సార్, నేను జీపులో వెళ్లాం. మొదటి గుడిసెలో నిలబెట్టిన గడ్డపారకు సెలైన్ సీసా కట్టి ఉంది. దాని కింద పడుకున్నది మా అక్క.

అక్క అక్కడుందని నాకు తెలియదు. వాళ్లు ఎక్కడుండేదీ వచ్చిపోయేవాళ్లు చెబితేనే తెలిసేది. కళ్లు లోపలికి పోయి, చేతి వేళ్లు ముడతలు పడి, నన్ను చూసి కూడా పలకలేకపోయింది. పక్కన ఆమె మామ, ఆ గ్యాంగుకు పెద్దాయన, తన బట్టలే తడిపి కోడలి కాళ్లు తుడుస్తున్నాడు. సార్ నన్ను కాసేపు వదిలేసి గుడిసెలన్నీ తిరిగి నమూనాలు తనే తీసుకున్నారు. ఊళ్లోవాళ్లవీ తీసుకున్నారు. రెండు రోజులు పట్టింది పరీక్షకు. రెండు చోట్లవీ పసుపు చుక్కలే, రెండూ ఒకే మందునీళ్లకు విరిగాయి.

ఫలితం చెప్పడానికి వెళ్తే పంచాయితీ ఆఫీసు అరుగు మీద సర్పంచి ఎదురుచూస్తున్నాడు. ఊరివాళ్లదీ, గుడిసెల వాళ్లదీ ఒక్కటేనా, వేరు వేరా అని అడిగాడు. సార్ అబద్ధం ఆడి ఎరుగరు. "రెండూ ఒక్కటే" అన్నారు. ఇంకా చెప్పబోయారు. ఒక్కటే అయినంత మాత్రాన ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తెలిసినట్టు కాదనీ, కిందటి వానల్లో ఈ ఊళ్లోనే పెళ్లి భోజనం తర్వాత నలుగురైదుగురికి విరేచనాలైతే తాను వచ్చి నమూనా తీసుకున్నాననీ, అదీ గత్తరేననీ చెప్పబోయారు. సర్పంచి అప్పటికే లేచి నిలబడ్డాడు. పెళ్లిది అజీర్తి సార్, దానికీ దీనికీ ఏం సంబంధం అన్నాడు. మేం చాయ్ తాగి లేచేసరికి ఆ మాట ఊరంతా తిరిగొచ్చి, "పాలమూరోళ్లే గత్తర తెచ్చిండ్రని నల్లగొండ సారే చెప్పిండు" అయి కూర్చుంది.

ఆ పూటే బడి దగ్గరి బోరింగు చుట్టూ తుమ్మకంప పడింది. మొదటి కంప ఈడ్చుకొచ్చింది సర్పంచి భార్యే. ఆమె కొడుకు కూడా పడకలో ఉన్నాడు, ఆ తల్లి భయం ఆమెది. గ్యాంగు ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వెనక్కి మళ్లారు. నేను సార్ చెయ్యి పట్టుకున్నంత పని చేశాను. పోయి రెండూ వేరు వేరని చెప్పండి, పరీక్షలో పొరపాటైందనండి, మా అక్క ఉంది అక్కడ అని బతిమాలాను. సార్ ముఖం నల్లబడిపోయింది. "సీస చెప్పని మాట నేను చెప్తే, రేపు సీస చెప్పిన మాట ఎవలు నమ్ముతరు బిడ్డా?" అన్నారు. నాకు ఆయన మీద వచ్చినంత కోపం జన్మలో ఎవరి మీదా రాలేదు. ఆయన ఊరికే కూర్చోలేదు, సర్పంచి ఇంటికి పోయి మాట్లాడారు, వాకిళ్ల ముందు నిలబడి చెప్పారు. ఎక్కడికి పోయినా ఒకటే జవాబు, నువ్వే చెప్తివి గద సార్ అని. హాలియా పోయి మంచినీళ్ల ట్యాంకరు అడిగారు. రేపు పంపుతామన్నారు.

గుడిసెల వాళ్లు కాలువ పక్క గుంటలో నీళ్లే తాగారు. అక్క బతికింది. అక్క మామ బతకలేదు. మరునాడు మేం ట్యాంకరుతో పాటు వెళ్లేసరికి గ్యాంగు లారీ ఎక్కేస్తోంది. సార్ నేరుగా బోరింగు దగ్గరికి వెళ్లి ఆ కంప వట్టి చేతులతో లాగి అవతల పారేశారు. చేతులు గీసుకుపోయి నెత్తురొచ్చింది. లారీ మీద నుంచి అక్క ఆ చేతులు చూసింది. అయినా నాతో అన్న మాట ఇదీ: "మా మామను సంపిన మాట చెప్పినోని కాడ నువ్వు కొలువు చేస్తున్నవు. ఇగ నీ ఇంటికి రాను చెల్లె."

అన్నట్టే రాలేదు. ఆ ఏటి రోగానికి ఆ చుట్టుపక్కల "పాలమూరు గత్తర" అని పేరు పడిపోయింది. మోత్కూరు దాకా ఆ పేరు నేను చెవులారా విన్నాను. పాలమూరు లారీ వస్తే కొన్ని ఊళ్లలో పొలిమేర దగ్గరే ఆపి, మీ గత్తర మాకొద్దు అని పంపేసేవాళ్లు. సార్‌తో నేను చాలాకాలం పని మాటే తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఆయనా నన్ను బుజ్జగించలేదు. కానీ అప్పటి నుంచి ఎవరికి ఏ ఫలితం చెప్పినా కుర్చీ దగ్గరికి జరుపుకొని, "ఏం సమజైంది?" అని అడగడం మొదలుపెట్టారు. అది ఆయన తనకు తాను వేసుకున్న శిక్ష అని నాకు కొంత ఆలస్యంగా అర్థమైంది. అర్థమయ్యాక కోపం నిలవలేదు. సీసాలకు తోడేసే పని ఆయన అడక్కుండానే నేను అందుకున్నాను. ఆ పెళ్లి భోజనం నాటి సీసా, గుడిసెల సీసా, ఊరి సీసా బీరువాలో ఒకే వరుసలో ఉండేవి. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు ఈ చెత్త పారేయమనేవారు. సార్ వినయంగా సరేననేవారు, తాళం చెవి మాత్రం స్కూటరు తాళంతో పాటు జేబులోనే ఉండేది.

తొంభైల నడుమ హైదరాబాదులోని ఒక ల్యాబులో పురుగు లోపలి వంశపు దారాన్ని, అదే డీఎన్‌ఏను, ముక్కలు చేసి గీతలుగా ఫోటో తీస్తున్నారని తెలిసింది. ఒక కొమ్మవైతే గీతలు ఒకేలా పడతాయి, వేరు కొమ్మవైతే తేడా పడతాయి. సార్ ఆ రోజు చిన్నపిల్లవాడిలా అయిపోయారు. "అడగనొచ్చే దినమొచ్చింది బిడ్డా" అన్నారు. సీసాలకు దూది చుట్టి, డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ఇంకో డబ్బాలో పెట్టి సీలు వేసి, ఒళ్లో పెట్టుకొని బస్సెక్కారు. కండక్టరు టిఫినా సార్ అని అడిగితే, అబద్ధం రాని మనిషి కదా, గత్తర అన్నారు. పొద్దుగాల్నే గవేం మాటలు సార్ అని కండక్టరు నవ్వుకుంటూ పోయాడు. పక్కన కూర్చున్న నేను సిగ్గుతో హైదరాబాదు దాకా కిటికీలోంచే చూశాను.

కొన్ని వారాల తర్వాత సార్ మళ్లీ వెళ్లి ఫోటో తెచ్చారు. కిటికీ వెలుగుకు పట్టుకొని చూశాం. పక్కపక్కన నిలబెట్టిన నిచ్చెనల్లా గీతలు. ఊరిది, గుడిసెలది, అంతకు ముందటి ఏడు పెళ్లి భోజనంది, మూడింటికీ మెట్లన్నీ ఒక్కచోటే ఉన్నాయి. పోల్చడానికి వాళ్లు పెట్టిన మహారాష్ట్ర వైపు వాటికి వేరు చోట్ల ఉన్నాయి. అంటే ఆ పురుగు గ్యాంగు లారీ దిగక ముందే ఆ ఊళ్లో ఉంది. నేను బల్ల మీద తల పెట్టుకొని ఏడ్చాను. మా వాళ్లు ఏ పాపం చేయలేదని రాసి పేపర్లో వేయిద్దాం సార్ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "ఎవల కాడికెళ్లి ఎవలకు పోయిందో గీ ఫోటో చెప్పదు. ముందుగాల ఆడనే ఉన్నదని చెప్తది. గంతే చెప్తం" అన్నారు. పేపరు ఆ ఊళ్లో ఎంతమంది చదువుతారు అని కూడా అన్నారు. మాట ఏ వాకిళ్లలో తిరిగిందో ఆ వాకిళ్లలోనే తిరగాలన్నారు. చాటింపు వేయిద్దామన్నారు.

అప్పటికి ఆ ఊళ్లో సర్పంచి మారాడు. ఆడవాళ్ల సీటు వచ్చి, పాత సర్పంచి కోడలే సర్పంచి అయింది. మామ చెప్పిన మాట మీద కోడలు చాటింపు ఎలా వేయిస్తుందని నాకు అనుమానం. సార్ ఆమెకు ఫోటో చూపించి, చెప్పాల్సింది చెప్పి, ఏం సమజైందని అడిగారు. ఆమె తప్పు పోకుండా తిరిగి చెప్పి, లోపల తలుపు దగ్గర నిలబడ్డ అత్త వైపు ఒకసారి చూసి, డప్పాయనకు కబురు పంపింది.

అక్కను తీసుకురావడానికి నేను పాలమూరు వెళ్లాను. రానంది. ఆ మనిషి ముఖం చూడనంది. ఆయన ఇన్నేళ్లూ ఆ సీసా ఎందుకు బతికించాడో చెప్పాను. చాలాసేపు చాటలో బియ్యం ఏరుతూ కూర్చొని, చివరికి చీర మార్చుకొని వచ్చింది.

ఆ పొద్దున డప్పాయన చేత సార్ చాటింపు మాట ఎన్నిసార్లు చెప్పించారో లెక్కలేదు. ఆయనకు వేరే ఊళ్లలో ఇలాంటి గిరాకీ తగిలి ఉండదు. మొదటి వీధిలోనే ఊపు వచ్చి, పాలమూరోళ్లు పాపం దేవుని బిడ్డలని ఏదో కలపబోయాడు. సార్ వెనక నుంచి ఆపారు. అప్పటి నుంచి ప్రతి వీధిలోనూ డప్పు వెనకే, చేతులు వెనక్కి కట్టుకొని, పరీక్ష హాలులో పంతులు నడిచినట్టు నడిచారు. "ఇనుండ్రో ఇనుండ్రి. ఆ యేటి గత్తర పాలమూరోళ్లు రాకముందే మన ఊళ్లె ఉన్నది. సీసల పరీక్షల తేలింది. నల్లగొండ సారు ఆనాడు సగం మాటనే చెప్పిండు, తప్పు నాదే అంటున్నడు." ఆ చివరి మాట మేం ఎవరం రాయలేదు, సార్ తనంతట తానే చేర్చుకున్నారు. అది వినగానే మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కన నిలబడి నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను, ఇన్నేళ్ల తర్వాత లాక్కోలేదు.

చాటింపు బడి దగ్గర ముగిసింది. అక్క ఎవరినీ అడగకుండా పక్కనే ఉన్న సర్పంచి ఇంటి అరుగు మీది బిందె తీసుకొని బోరింగు కింద పెట్టింది. పాత సర్పంచి భార్య ఇంట్లోంచి మెల్లగా వచ్చింది. ఏదో అంటుందని నేను గట్టిగా నిలబడ్డాను. ఆమె తన చేతిలోని బిందెను అక్క బిందె వెనక వరుసలో పెట్టి, తన వంతు కోసం నిలబడింది.

మొన్న శుక్రవారం సార్ ఇంటి నుంచి వచ్చాక అక్క ఊళ్లోని ఎస్టీడీ బూతుకు ఫోను చేసి పిలిపించాను. సంగతి చెప్పాను. అక్కకు సార్ అలవాటు తెలుసు. "సారు పోయిండు. కాళ్లు చేతులు కడుక్కొని ఒరిగిండు" అని అప్పజెప్పింది. చివర్లో నోట్లో నీళ్లు పడ్డాయా అని అడిగింది. అంత వ్యవధి లేదట అక్కా, పోయేసరికి చేతులు మాత్రం ఇంకా తడిగానే ఉన్నాయని అమ్మ చెప్పింది అన్నాను. "ఆనాడు నా చేతి నీళ్లు తాగిండు గద చెల్లె. గది సాలు" అంది.

నిజమే. ఆ రోజు వరుసలో బిందెలు నిండకముందే సార్ వచ్చి, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకొని, అక్కను బోరింగు కొట్టమన్నారు. ముందు చేతులు కడుక్కున్నారు. మళ్లీ కడుక్కున్నారు. తర్వాత బోరింగు కింద వంగి దోసిలి పట్టారు. చొక్కా ముందంతా తడిసిపోయింది. ఆయన తాగుతూనే ఉన్నారు, అక్క కొడుతూనే ఉంది, దోసిలి నిండి నీళ్లు మోచేతుల మీదుగా కిందికి కారుతూనే ఉన్నాయి.